పజిల్‌లో కిక్కు ఎక్కడుంటుంది: మీ కేసీ కాలువ లెవెల్‌ని విప్పి చూస్తే

మీరడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి కూడా పనికొస్తుంది. కర్నూలులో ఫైనలియర్ చదువుతున్న మీ ముగ్గురూ ఫోన్‌కి ఒక పజిల్ గేమ్ చేశారు. మొత్తం 12 లెవెల్స్: మొదటి ఐదు బెలుం గుహల్లో, తర్వాత నాలుగు కేసీ (కర్నూలు–కడప) కాలువ మీద, చివరి మూడు గండికోటలో. చాలామంది ఐదో లెవెల్ దగ్గర వదిలేస్తున్నారు. దాటినవాళ్లు కూడా "బాగుందన్నా, టైంపాస్" అని ఫోన్ చేతికిచ్చేస్తున్నారు. అదే మనుషులు పోర్టల్, బాబా ఈజ్ యూ లాంటి పేరున్న పజిల్ గేమ్స్ అంటే తిండి మానేసి కూర్చుంటున్నారు. వాటిలో ఉన్నదేంటి, మా దాంట్లో లేనిదేంటి అన్నది ప్రశ్న.

మీరు పెట్టిన లెవెల్ బొమ్మల్ని బట్టి చూస్తే, కష్టం ఎక్కువైందా తక్కువైందా అన్నది కాదు సమస్య. మీ పజిళ్లలో పనులున్నాయి, పొరపాటు పడటానికి చోటు లేదు. రాయి తొయ్యి, గుంట పూడ్చు, మీట నొక్కు, తలుపు దాటు. ఏం చెయ్యాలో చూడగానే తెలిసిపోతుంది. మిగిలిందంతా వేలికి పని, బుర్రకి కాదు.

మంచి పజిల్‌లో ఏం జరుగుతుందంటే, ప్లేయర్ బోర్డు చూడగానే "ఓ, ఇదిలా చెయ్యాలన్నమాట" అనుకుంటాడు. అలా అనుకోవడం సబబుగానే ఉంటుంది. చేస్తాడు, చివరి అడుగులో ఆగిపోతుంది. ఇంకోలా చేస్తాడు, మళ్లీ అక్కడే ఆగుతుంది. అప్పుడు తడుతుంది, గేమ్ ఎక్కడా చెప్పని సంగతి ఒకటి తనంతట తానే ఊహించేసుకున్నాడని. ఆ ఊహ పక్కన పెట్టగానే మొత్తం నాలుగు కదలికల్లో విడిపోతుంది. కొత్తగా తెలిసిందేమీ లేదు, ఉన్నదాన్నే వేరేగా చూశాడు, అంతే. అందుకే ఆ తెలివి పూర్తిగా తనదే అనిపిస్తుంది. కావాల్సినదాన్ని మీరు దాచిపెట్టి తర్వాత బయటపెడితే ఆ గొప్ప మీదవుతుంది, ఆడినవాడికి ఏమీ మిగలదు.

కాబట్టి రూల్స్ అన్నీ బయటే ఉండాలి, వాటివల్ల ఏమేం జరగొచ్చో మాత్రం ప్లేయర్ వెతుక్కోవాలి. గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కి ఉండే పులిజూదం చూడండి. 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. రూల్స్ రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. కొత్తగా ఆడేవాడు మేకల్ని కాపాడుకోవడమే ఆట అనుకుంటాడు. నిజానికి మేకలవాడు గెలిచేది పులులు కదలకుండా దారులు మూసేసినప్పుడు. ఒక మేకను పోగొట్టుకుని పులిని పనికిరాని మూలకు లాగొచ్చన్న సంగతి రూల్స్‌లో రాసి ఉండదు, కానీ ఆ రూల్స్‌లోంచే పుడుతుంది.

బాబా ఈజ్ యూ (2019, ఫిన్లండ్‌కి చెందిన ఆర్వి తెయికారి చేసింది) ఇదే సంగతిని కొసదాకా తీసుకెళ్లింది. అందులో "గోడ అంటే అడ్డు", "జెండా అంటే గెలుపు" లాంటి వాక్యాలు బోర్డు మీదే పలకలుగా పడి ఉంటాయి. పలకల్ని తోస్తే వాక్యం విరుగుతుంది, రూల్ పోతుంది, గోడలోంచి నడిచి వెళ్లిపోవచ్చు. మరి అన్ని రూల్సూ విరిచేయొచ్చంటే పజిలే ఉండదు కదా? అందుకే విరవకూడని వాక్యాన్ని ఆయన చాలా లెవెల్స్‌లో బోర్డు అంచుకో మూలకో పెడతాడు. అక్కడికి పలకను తోసే దారి ఉండదు. "ఇది మార్చకూడదు" అని బోర్డు రాయకుండా బొమ్మతోనే కట్టడి చేశాడు. మీ గుహల్లో ఎర్రగీత గీసి "ఇటు వెళ్లరాదు" అని రాసిన చోట్ల ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు మీ ఏడో లెవెల్, కేసీ కాలువ లాకు. లాకంటే రెండు తలుపుల మధ్య నీళ్లు నింపి, ఖాళీ చేసి పడవని ఎగువకి ఎక్కించే, దిగువకి దించే గది. ఇక్కడ మీ చేతిలో బంగారం ఉంది, మీరు చూసుకోలేదు.

నిజం కాలువ 1860ల్లో సుంకేసుల నుంచి కడప వైపు తవ్వినప్పుడు సాగునీటితో పాటు పడవల రాకపోకలకీ ఉద్దేశించారు, కాబట్టి లాకు పెట్టడం అక్కడ అతికినట్టే ఉంది. మీ లెవెల్ ఇది: లాకులో ఒకసారికి ఒకే పడవ పడుతుంది. దిగువన రెండు పడవలు ఎగువకి ఎక్కాలి. ఎగువన రెండు పడవలు దిగువకి దిగాలి. మొదట లాకు ఖాళీగా, దిగువ నీటిమట్టంలో ఉంది. లాకు నింపిన ప్రతిసారీ ఎగువ తొట్టిలోంచి ఒక కొలత నీళ్లు పోతాయి. ఖాళీ చెయ్యడానికి ఖర్చు లేదు, నీళ్లు కిందికి పోతాయంతే. తొట్టిలో మీరు పెట్టింది 4 కొలతలు.

లెక్క చూడండి. ఎక్కే పడవ ఎప్పుడు వెళ్లినా ఒక కొలత తప్పదు, ఖాళీ లాకులోకి వచ్చి నింపితేనే పైకి లేస్తుంది. దిగే పడవకి నిండు లాకు కావాలి. దానికి సరిగ్గా ముందు ఒక పడవ ఎక్కి ఉంటే లాకు అప్పటికే నిండి ఉంటుంది, ఖర్చు సున్నా. అలా కాకపోతే దానికోసం కొత్తగా నింపాలి, ఇంకో కొలత. నాలుగు పడవల్ని పంపే వరసలు మొత్తం ఆరే. దిగు–దిగు–ఎక్కు–ఎక్కు వరసకి 4 కొలతలు. ఎక్కు–ఎక్కు–దిగు–దిగు, ఎక్కు–దిగు–దిగు–ఎక్కు, దిగు–ఎక్కు–ఎక్కు–దిగు, దిగు–ఎక్కు–దిగు–ఎక్కు, ఈ నాలుగింటికీ తలా 3. ఎక్కు–దిగు–ఎక్కు–దిగు ఒక్కదానికే 2.

మీరు 4 పెట్టారు, అంటే ఏ వరసలో పంపినా గెలుపే. అది పజిల్ కాదు, పడవల్ని అటూ ఇటూ చేరవేసే కూలి పని. 3 పెడితే ఆరింట్లో ఐదు పాసవుతాయి, ఓడేది మరీ దురదృష్టవంతుడే. 2 పెట్టండి. ఒక్క అంకె మార్పుతో అదే బోర్డు, అదే బొమ్మలు, అవే రూల్స్ నిజమైన పజిల్ అయిపోతాయి. ఇప్పుడు ప్లేయర్ ఏం ఊహించుకుంటాడు? "నాలుగు పడవలు, రెండే కొలతలు, ఇది కుదరదు" అనుకుంటాడు. పడవకో కొలత ఖర్చవుతుందన్నది అతని ఊహ, గేమ్ ఆ మాట అనలేదు. పైకి ఎక్కినవాడి వెనక మిగిలిన నిండు లాకు ఊరికే వచ్చిన నీళ్లని గమనించిన క్షణంలో అతను లేచి కూర్చుంటాడు. మీకు కావాల్సింది ఆ క్షణమే.

జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇంకోటుంది: మొదట లాకు ఖాళీగా ఉండాలి. బొమ్మ అందంగా ఉంటుందని నిండు లాకుతో మొదలుపెడితే, 2 కొలతలతో నెగ్గే వరసలు ఒకటి కాదు, మూడవుతాయి (దిగు–ఎక్కు–దిగు–ఎక్కు, దిగు–ఎక్కు–ఎక్కు–దిగు కూడా సరిపోతాయి). ఆర్టిస్టు చేసే ఇలాంటి చిన్న మార్పే పజిల్‌ని పలచన చేస్తుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఎర, అంటే ప్లేయర్‌ని తప్పు దారికి లాగేది, ఎక్కడ పెట్టాలన్నది కూడా ఈ లెవెల్‌లోనే తేలుతుంది. దిగే రెండు పడవల్ని ఎగువ తలుపు పక్కనే, కంటికి ముందు కనబడేలా నిలపండి. ఎక్కే పడవలు కొంచెం దూరంలో ఉండనివ్వండి. చాలామంది దగ్గరున్నదాన్నే ముందు పంపుతారు, అది తప్పు దారి. ఆ తప్పు త్వరగా తెలియాలి, పది నిమిషాలు ఆడాక కాదు. ఇక్కడ రెండో కొలత అయిపోగానే ఎక్కాల్సిన పడవలు దిగువనే నిలిచిపోతాయి, కాబట్టి ఏడెనిమిది కదలికల్లోనే తెలుస్తుంది. అది చాలు. ఇంకో పని చెయ్యండి: లోపల పడవ లేకుండా లాకు ఖాళీ చేస్తే నీళ్లు కిందికి పోవడం బాగా కనబడాలి, వినబడాలి. "నీళ్లు వృథా చేశారు" అని మెసేజ్ మాత్రం పెట్టొద్దు. అది జవాబు చెప్పేసినట్టే.

దీనికి ముందు ఒక చిన్న లెవెల్ కావాలి: ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి, 1 కొలత నీళ్లు. రెండే వరసలు కాబట్టి సగం మంది గుడ్డిగానే గెలుస్తారు. పర్వాలేదు. ముందు చేతికి పని తెలియనివ్వాలి, అర్థమైందా లేదా అన్న పరీక్ష తర్వాతి లెవెల్‌లో. పోర్టల్ (2007) నడిచేది సరిగ్గా ఇలాగే. అందులో గదులకి 00 నుంచి 19 దాకా నంబర్లుంటాయి. ఒకదాంట్లో దూరితే రెండోదాంట్లోంచి బయటికొచ్చే ద్వారాలు ఇందులో పనిముట్టు. మొదట వాటిని గేమే తెరిచి పెడుతుంది, 02లో ఒక్క ద్వారం తెరిచే తుపాకీ ఇస్తుంది. పైనుంచి పడిన వేగం రెండో ద్వారంలోంచి బయటికొచ్చేటప్పుడు కూడా పోదని 10లో చేయించి చూపిస్తుంది. రెండు ద్వారాలూ ప్లేయర్ చేతికి వచ్చేది 11లో. సగం గేమ్ అయ్యేదాకా పూర్తి పనిముట్టే ఇవ్వలేదన్నమాట. మీరు మాత్రం రెండో లెవెల్‌కే రాయి, గుంట, మీట, తాడు, దీపం అన్నీ పరిచేశారు.

ఐదో లెవెల్ సంగతి వేరు. అక్కడ జనం వదిలెయ్యడానికి కారణం కష్టం కాదు, చీకట్లో దాచిన మీట. బెలుంలో చీకటి ఉంటుంది నిజమే, కానీ ప్లేయర్ కంటికి కనబడని వస్తువు మీద ఏ పజిలూ నిలబడదు. ఇరుక్కోవడంలో రెండు రకాలు. "నాకు ఆ తలుపు తెరుచుకోవాలి, ఎలాగో తెలియడం లేదు" అనేవాడు ఆడుతూనే ఉంటాడు, ఫోన్ పక్కన పెట్టినా మనసులో తిప్పుకుంటాడు. "అసలేం చెయ్యాలో తెలియడం లేదు" అనేవాడు అన్నిచోట్లా వేలితో గీకి, విసిగి, గేమ్ తీసేస్తాడు. మీ ఐదో లెవెల్ రెండో రకం. మీటని వెలుగులోకి తెండి, అక్కడికి నేరుగా దారి లేకుండా చెయ్యండి. అప్పుడు అది మొదటి రకం అవుతుంది.

డిజైనర్ బుర్రలో మాత్రమే ఉన్న లాజిక్‌కి పేరుమోసిన ఉదాహరణ గాబ్రియేల్ నైట్ 3 (1999) అనే గేమ్. బండి అద్దెకి తీసుకోవాలంటే హీరో ఇంకో మనిషిలా నటించాలి. అందుకోసం పిల్లి వెంట్రుకలు టేపుకి అంటించి, సిరప్‌తో దొంగ మీసం పెట్టుకోవాలి. ఆ మనిషికి అసలు మీసమే ఉండదు, అందుకని అతని పాస్‌పోర్టు ఫొటో మీద కూడా మీసం గీయాలి! తర్కించి ఎవరూ అక్కడికి చేరలేరు. కనబడిన ప్రతి వస్తువునీ ప్రతి వస్తువుతో కలిపి చూడటం తప్ప వేరే దారి లేదు.

ఒక్కోసారి పజిల్ మంచిదే అయినా, దాని చుట్టూ ఉన్న పని చంపేస్తుంది. జెల్డా అకరీనా ఆఫ్ టైమ్ (1998) నీటి గుడిని ఇప్పటికీ తిట్టుకుంటారు. అందులో నీటిమట్టం మూడు ఎత్తులకి మారుతుంది, చక్కటి ఆలోచన. కానీ మునగాలంటే ఇనుప బూట్లు వేసుకోవాలి, తేలాలంటే విప్పాలి, ప్రతిసారీ గేమ్ ఆపి మెనూలోకి వెళ్లాలి. 2011లో 3డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్‌కి మళ్లీ చేసినప్పుడు బూట్లని ఒక్క నొక్కుకి తెచ్చారు, నీటిమట్టం మార్చే చోట్లకి గోడల మీద రంగు గీతలు వేశారు. గుడి మాత్రం దాదాపు అదే. మీ గేమ్‌లో ఒక రాయిని ఏడు గడులు తోయడానికి ఏడుసార్లు స్వైప్ చెయ్యాల్సి వస్తోంది. అది కూడా ఇలాంటిదే. పనికొచ్చే కదలిక ఒక్కటే అయితే ఆ దూరాన్ని రెండు గడులకి కుదించండి.

అన్‌డూ (వేసిన అడుగుని వెనక్కి తీసుకునే వీలు) లేకుండా రాళ్లు తోసే పజిల్ పెట్టడం ఇప్పుడు నేరం కిందే లెక్క. ఈ జాతికంతా తాత అయిన సోకోబాన్‌లో (1982) పెట్టెను తోయగలం, లాగలేం. గమ్యం కాని మూలకి వెళ్లిన పెట్టె ఇక బయటికి రాదు. 1997లో దాన్ని పీస్పేస్-కంప్లీట్ అని నిరూపించారు, అంటే బోర్డు పెరిగేకొద్దీ కంప్యూటర్లకి కూడా చుక్కలు చూపించే జాతి సమస్య. అలాంటి దాంట్లో ఒక్క వేలు జారితే మొదటికి పొమ్మనడం పజిల్‌ని కష్టం చెయ్యదు, ప్లేయర్‌ని పిరికివాణ్ణి చేస్తుంది. పిరికివాడు ప్రయోగాలు చెయ్యడు, ప్రయోగం లేకపోతే ఆ తప్పు ఊహ బయటపడదు. లెక్కలేనన్ని అడుగులు వెనక్కి వెళ్లనివ్వండి, మళ్లీ మొదలుపెట్టడాన్ని కూడా వెనక్కి తిప్పగలిగేలా చెయ్యండి.

గుడ్డిగా ప్రయత్నించి గెలిచే దారి మూసెయ్యడం ఇంకో పని. రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్ (2018) ఇందులో ఆదర్శం. ఓడలో 60 మంది, ఒక్కొక్కరూ ఎవరు, ఏమయ్యారు అన్నది కనిపెట్టాలి. ఒక్కో పేరుకి "కరెక్ట్" అని చెప్పేస్తే జనం వరసగా పేర్లు మార్చి చూసేవాళ్లు. అందుకే ముగ్గురి సంగతి సరిగ్గా రాసినప్పుడే ఖాయం చేస్తుంది. మీ గండికోట తలుపు దగ్గర మూడు గుర్తుల తాళం ఉంది, ఒక్కో చక్రం సరైన చోటికి రాగానే క్లిక్‌మంటోంది. ఆ చప్పుడు తీసెయ్యండి. చక్రానికి 6 గుర్తులు, మూడు చక్రాలు, అంటే 216 కలయికలు. చప్పుడు ఉంటే 18 ప్రయత్నాలకి మించకుండా తెరుచుకుంటుంది, గోడ మీది శాసనం ఎవరూ చదవరు.

ఇక పని చేసే పద్ధతి. కోడ్ మొదట రాయకండి. గళ్ల కాగితం, చింతపిక్కలు, చాక్‌పీసు చాలు. లేదా పజిల్‌స్క్రిప్ట్ వాడండి. స్టీఫెన్ లావెల్ 2013లో ఉచితంగా ఇచ్చిన పరికరం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, తోసే రూల్ ఒక్క వరసలో రాసేయొచ్చు. పజిల్‌ని మొదటి నుంచి కాకుండా జవాబు నుంచి వెనక్కి కట్టండి. "ఎక్కిన పడవ నిండు లాకును వదిలిపోతుంది", ఇలాంటి వాక్యం ఒకటి ముందు రాసుకోండి. ఆ వాక్యం తెలియకుండా గెలవలేని అతి చిన్న బోర్డు గీయండి. వాక్యం రాయలేకపోతే ఆ లెవెల్‌లో పజిల్ లేదన్నమాట. మీ మూడో లెవెల్‌కీ నాలుగో లెవెల్‌కీ ఒకే వాక్యం వస్తోంది, ఒకటి తీసెయ్యండి.

తర్వాత సాల్వర్, అంటే పజిల్‌ని తనే విప్పి చూసే ప్రోగ్రామ్. దానికి కావాల్సిన బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ (ఒక్కో అడుగులో చేరగల స్థితులన్నీ వరసగా వెతికే పద్ధతి) మీకు సిలబస్‌లోనే ఉంది. లాకు లెవెల్‌లో స్థితులు ఎన్నో చూడండి: లాకులో పడవ లేనప్పుడు నాలుగు పడవలూ ఎగువనో దిగువనో ఉంటాయి, 16 అమరికలు. ఒకటి లాకులో ఉంటే మిగతా మూడింటికీ 8, నాలుగు పడవల్లో ఏదైనా కావొచ్చు కాబట్టి 32. మొత్తం 48. లాకు మట్టం రెండు రకాలు, మిగిలిన నీళ్లు 0, 1, 2. అంటే 288కి మించవు, ఏ ఫోనైనా కన్ను మూసి తెరిచేలోపు అన్నీ తిరగేస్తుంది. సాల్వర్‌ని మూడు అడగండి. ఎన్ని దారులున్నాయి? ఒక్కో వస్తువునీ తీసేస్తే ఇంకా గెలవొచ్చా? గెలవొచ్చంటే ఆ వస్తువు దండగ. గెలుపు అసాధ్యమైపోయాక ఎన్ని కదలికల దాకా ప్లేయర్‌కి తెలియదు? మూడోది పెద్దదైతే బోర్డు చిన్నది చెయ్యండి. మీరనుకోని దారి బయటపడితే కంగారుపడి మూసెయ్యకండి. ఆ దారికీ ఆలోచన కావాలంటే ఉండనివ్వండి. మీ వాక్యాన్ని తప్పించుకుని పోతోందంటేనే మూయండి.

సాల్వర్ చెప్పనిది మనుషులు చెబుతారు. ప్రతి మార్పుకీ కొత్తవాళ్లు కావాలి, జవాబు తెలిసినవాడు ఇక పరీక్షకి పనికిరాడు. అందుకే మీ క్లాసులో అందరికీ ఒకేరోజు చూపించెయ్యకండి, ఐదేసి మందిని మిగుల్చుకుంటూ పోండి. ఫోన్ ఇచ్చి వెనక నిలబడి నోరు మూసుకోండి. "అటు కాదన్నా" అన్న ఒక్క మాటతో ఆ పరీక్ష పోయినట్టే. మొదటి కదలికకి ఎంతసేపు పట్టింది, మొదటి మూడు కదలికలేంటి, అన్‌డూ ఎక్కడ నొక్కారు, ఇవి రాసుకోండి. ఐదుగురిలో నలుగురు ఒకే తప్పు దారి పట్టారంటే మీ ఎర పనిచేసింది. తలా ఒక దిక్కు పోతే గమ్యమే అర్థం కాలేదని. అయిపోయాక "కష్టంగా ఉందా?" అని అడగొద్దు, మర్యాదకి ఏదో ఒకటి చెప్తారు. "ఇక్కడ ఆగినప్పుడు ఏం జరుగుతుందనుకున్నావు?" అని అడగండి, తప్పు ఊహ వాళ్ల నోటితోనే వస్తుంది.

లెవెల్స్ తాళాలు కూడా సడలించండి. ఒకదాని తర్వాత ఒకటే తెరుచుకుంటే, ఒక్కచోట ఇరుక్కున్నవాడికి గేమ్ అక్కడితో సరి. బాబా ఈజ్ యూలో మ్యాప్ మీద ఒకేసారి చాలా లెవెల్స్ తెరిచి ఉంటాయి, అన్నీ పూర్తి చెయ్యకుండానే ముందుకి పోవచ్చు. మీకు 12 కాబట్టి ఎప్పుడూ మూడు తెరిచి ఉంచితే సరిపోతుంది. సూచనలు పెడితే మూడు మెట్లుగా పెట్టండి: మొదటిది ఎటు చూడాలో ("ఇప్పుడు లాకులో నీళ్లున్నాయా?"), రెండోది ఏ రూల్ గురించి ఆలోచించాలో, మూడోది జవాబు. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య వేచి ఉండమని టైమర్ పెట్టకండి, అది యాడ్ అనుకుంటారు.

చివరగా ఫోన్ విషయాలు. అన్‌డూ బటన్ కుడి బొటనవేలికి అందాలి, ఇప్పుడు మీరు పైన ఎడమ మూలన పెట్టారు. ఎగువ పడవలకీ దిగువ పడవలకీ తేడా ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే చూపించారు. ఆ రెండూ విడిగా కనబడనివాళ్లు తక్కువేమీ కాదు, తెరచాప ఆకారం కూడా మార్చండి. మధ్యలో కాల్ వస్తే గేమ్ మొదటికి పోతోంది. ప్రతి కదలిక తర్వాతా సేవ్ చెయ్యండి, అన్‌డూ చరిత్రతో సహా.